శునక ప్రదర్శనములు శునకముల కుపకారములా?

శీతకాలము వచ్చినతోడనే మన నగరమున పుష్పప్రదర్శనములతో పాటు శునక ప్రదర్శనములును మొదలగుచున్నవి. విశాలమైన మైదానము, పందిళ్ళు, మైకులు, దువ్వి నునుపు చేసిన కుక్కలు, వాని గొలుసులు పట్టుకొని వలయాకారమున పరుగెత్తు యువకులు, నడుమ గంభీరముగా నిలిచిన పరీక్షకుడు, తుదకు వెండికప్పు. చదువుకొన్న కుటుంబములవారు పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఇది జంతుప్రేమను నేర్పు వినోదమని సంతోషించి తిరిగి వచ్చుచున్నారు. కోడిపందెములను నిరసించువారును, ఎద్దులచేత బండలు లాగించుట చూచి కంటతడి పెట్టువారును ఈ ప్రదర్శనములను గూర్చి మాత్రము ఒక్క మాటయు ననరు. ఇచ్చట కత్తి లేదు, నెత్తురు లేదు, ముల్లుకఱ్ఱ లేదు. కనుక హింసయు లేదని వారి తలంపు. ఈ తలంపు సరికాదని నా వాదము. కోడిపందెమున హింస పందెమునాడు జరుగును. శునక ప్రదర్శనమున హింస ఆ కుక్క పుట్టకమునుపే జరిగిపోవును. చూడవచ్చినవారి కది కనబడదు గాని, ఆ కుక్క దానిని బ్రతికినంతకాలమును మోయును.

ఈ వినోదము మనకు ఇంగ్లాండునుండి వచ్చినది. 1859వ సంవత్సరము జూను నెలలో న్యూకాసిల్ పట్టణమున జరిగిన ప్రదర్శనము మొదటిదని చెప్పుదురు. అందు పాయింటర్లు, సెట్టర్లు అను వేటకుక్కలకు మాత్రమే ప్రవేశముండెను. గెలిచినవారికి తుపాకులను బహుమానముగా నిచ్చిరి. ఆ కుక్కకు బయట పొలములలో ఒక పని కలదను ఎఱుక వారికింకను ఉండెనని ఆ తుపాకులే చెప్పుచున్నవి. 1873లో లండనునందు కెన్నెల్ క్లబ్ ఏర్పడెను. 1891లో చార్లెస్ క్రఫ్ట్ అనునతడు తన పేరిట మొదలుపెట్టిన ప్రదర్శనము నేటికిని లోకమున మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ క్రఫ్ట్ కుక్కబిస్కట్ల కంపెనీలో ఉద్యోగము చేసి పైకి వచ్చినవాడు. ఉస్మాన్‌గంజ్ వర్తకుల నడుమ నివసించు నాకు ఈ సంగతి చదివినప్పుడు ఆశ్చర్యము కలుగలేదు. సరకు ఏ వైపునుండి కదలునో కనిపెట్టుట వర్తకుని విద్య. మన దేశమున చెన్నపట్టణము కేంద్రముగా నున్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జాతికుక్కల వంశావళులను నమోదు చేయుచున్నది. హైదరాబాదు మొదలగు నగరములలోని సంఘములు ఆ పద్ధతినే ప్రదర్శనములు నడుపుచున్నవి.

ఈ పోటీలలో పరీక్షకుడు చూచునదేమి? ప్రతి జాతికిని వ్రాసియుంచిన ఒక లక్షణవాక్యము కలదు. చెవి ఇట్లుండవలెను, తోక ఇట్లు వంగవలెను, మూతి ఇంత పొట్టిగా నుండవలెను, వెన్ను ఇంత వాలుగా నుండవలెను అని. ఏ కుక్క ఆ వాక్యమునకు మిక్కిలి దగ్గఱగా నున్నదో దానికి పతకము. ఆ కుక్క దొంగను పట్టునా, మందను కాచునా, సుఖముగా ఊపిరి పీల్చునా, నొప్పి లేక పిల్లలను కనునా అనునవి ఆ వలయములో అడుగు ప్రశ్నలు కావు.

తర్కశాస్త్రము కొంచెము చదివినవా రీ పొరపాటును వెంటనే గుర్తింతురు. గోవునకు లక్షణమేమి యన్న, సాస్నాదిమత్త్వమని తార్కికులు చెప్పిరి. అనగా మెడక్రింద వ్రేలాడు గంగడోలు కలిగియుండుట. గోవును గుఱ్ఱమునుండియు గాడిదనుండియు వేఱుచేసి తెలిసికొనుటకు ఆ గుర్తు చాలును. అంతమాత్రమున గంగడోలు ఎంత పెద్దదైన అది అంత గొప్ప గోవని ఏ తార్కికుడైన ననెనా? దానిని తరతరమునకు పెంచి పెంచి, ఆవు తన గంగడోలును తానే త్రొక్కుకొని పడునట్లు చేసి, దానికి ప్రథమబహుమతి నిచ్చిన పండితుడు మన దేశమున లేడు. లక్షణము గుర్తించుటకు గాని యోగ్యతను కొలుచుటకు గాదు. శునక ప్రదర్శకులు గుర్తును కొలమానముగా మార్చిరి. పొట్టిమూతి గల కుక్కలలో ఇంకను పొట్టిమూతి దానికి పతకము వచ్చెను. మఱుసటి తరమున అంతకంటె పొట్టిది కావలసివచ్చెను. ఈ పరుగునకు హద్దు లేదు. మన ఆలంకారికులు కావ్యదోషములను విడిచిపెట్టుటకై లెక్కించిరి. వీరు శరీరదోషములను సంపాదించుటకై లెక్కించిరి.

బుల్‌డాగును చూడుడు. పూర్వము ఇంగ్లాండున ఎద్దులమీదికి ఉసికొల్పుటకు పెంచిన కుక్క యిది. ఆ క్రూరవినోదమును 1835లో చట్టము నిషేధించెను. చట్టము దానిని ఎద్దు కొమ్ములనుండి రక్షించెను గాని ప్రదర్శకుల చేతులనుండి రక్షింపలేదు. పనిలేని కుక్కయై రూపమే జీవనాధారముగా మిగిలిన పిమ్మట దాని తల పెద్దదయ్యెను, నడుము సన్నగిల్లెను, మూతి లోపలికి పోయెను. 2010లో ప్రకటింపబడిన ఒక బ్రిటిషు పరిశీలనము ప్రకారము ఆ జాతి కాన్పులలో నూటికి 86 సిజేరియన్ శస్త్రచికిత్సచేతనే జరిగినవి. పిల్ల తల తల్లి కటిలో పట్టదు. వైద్యుని కత్తి లేనిదే ఒక తరముతో అంతరించిపోవు ప్రాణిని మనము తయారుచేసి, దానిని ఉత్తమజాతి అని పిలుచుచున్నాము. పగ్ అను చిన్నకుక్క సంగతియు నట్టిదే. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక వ్రేలాడవేసి రొప్పుటచేతనే అది తన వేడిని పోగొట్టుకొనవలెను. పొడవైన మూతిలో తడిసిన త్రోవలున్నప్పుడు గదా ఆ పని సాగుట! ముక్కురంధ్రములు మూసికొనిపోయి, మెత్తని అంగుడి గొంతుకు అడ్డముపడి, మూతి యనునదే లేని జంతువును 40 డిగ్రీలు దాటు మన వేసవిలో మేడమీద కాపురముంచుట యెట్టి జంతుప్రేమ? రాత్రి అది గురకపెట్టుట చూచి ఇంటివారు ముచ్చటపడి నవ్వుదురు. అది గురక కాదు, గాలికై పడు పాటు.

ఇవి నా యూహలు కావు. 2008లో బ్రిటిషు ప్రసారసంస్థయగు బి.బి.సి. ఈ జాతికుక్కల దురవస్థను ఒక చిత్రముగా తీసి చూపెను. మెదడునకు చాలని కపాలముతో పుట్టి బాధచే మెలికలు తిరుగు కావలియర్ జాతి కుక్కలను లోకము అప్పుడు చూచెను. ఫలితముగా ఆ సంస్థ 1966 నుండి తాను చూపుచుండిన క్రఫ్ట్స్ ప్రదర్శనమును 2009 నుండి ప్రసారము చేయుట మానివేసెను. ఆ యేడే కెన్నెల్ క్లబ్ తల్లికిని కొడుకునకును, తండ్రికిని కూతునకును, తోబుట్టువులకును పుట్టిన పిల్లలను నమోదు చేయుట ఆపెను. చదువరులు ఈ వాక్యమును మఱల చదువవలెను. 2009 వఱకు అట్టి సంయోగము నిషిద్ధము కాదు! 2012లో క్రఫ్ట్స్ నిర్వాహకులు పదునైదు జాతులను ఎన్నుకొని, వానిలో ప్రథములుగా వచ్చిన కుక్కలను పశువైద్యునిచేత పరీక్ష చేయించిరి. ఆఱు జాతుల విజేతలు ఆ పరీక్షలో తప్పినవి. అనగా, పరీక్షకుడు తన జాతిలో సర్వోత్తమమని పతకము కట్టిన కుక్కను కొన్ని గంటలు గడువకుండ వైద్యుడు ఆరోగ్యవంతము కాదని త్రోసిపుచ్చెను. ఈ ఇద్దఱిలో ఎవరు కుక్కకు మిత్రులో చెప్పనక్కఱలేదు. నార్వే దేశమున న్యాయస్థానములు ఇంకను ముందునకు పోయినవి. కావలియర్ కుక్కలను ఇప్పటి రీతిని పుట్టించుట జంతుసంక్షేమచట్టమునకు విరుద్ధమని 2023లో అచ్చటి సుప్రీముకోర్టు నిర్ణయించెను.

పతకమునకును ఈ రోగములకును సంబంధమేమి అని కొందఱు అడుగుదురు. సంబంధము పతకము వచ్చిన మఱునాడు మొదలగును. గెలిచిన మగకుక్కకు గిరాకి కలుగును. ఊరూర నుండి ఆడుకుక్కలను దానియొద్దకు తెత్తురు. రెండు మూడు తరములలో ఆ జాతియందు సగము కుక్కలకు అదియే తాతయో ముత్తాతయో అగును. దాని రక్తములో గుప్తముగా ఏ దోషమున్నను, ఇరువైపులనుండియు అదియే వచ్చి కూడినప్పుడు బయటపడును. మేనరికములు వలదని వేదికలెక్కి ఉపన్యసించు మనము, సగోత్రవివాహమును నిషేధించిన పూర్వులు గల మనము, దీనిని వంశశుద్ధి అని మెచ్చుకొనుచున్నాము. శుద్ధి అను మాట మన దేశమున మనుష్యులకు చేసిన కీడు చాలదా? దానిని కుక్కల కొంపలోనికి కూడ ఏల తేవలెను?

ఈ శుద్ధివ్యామోహ మెంత మొండిదో డాల్మేషియన్ చరిత్ర తెలుపుచున్నది. ఒడలెల్ల నల్లమచ్చలు గల ఆ జాతికుక్కలకు మూత్రములో యూరిక్ ఆమ్లము హెచ్చి రాళ్ళు ఏర్పడు దోషము పుట్టుకతోనే వచ్చును. జాతిలో ఏ కుక్కను చూచినను ఇదే కథ గనుక లోపల వెదకి ప్రయోజనము లేదు. అమెరికాలో షైబుల్ అను శాస్త్రజ్ఞుడు 1973లో ఒక్కమాఱు, ఒకే ఒక్కమాఱు, పాయింటర్ జాతి కుక్కతో సంకరము చేయించి, పుట్టినవానిని తిరిగి డాల్మేషియన్లతోనే కలుపుచు పోయెను. కొన్ని తరములకు ఆ దోషము లేని, చూపునకు డాల్మేషియనే యైన కుక్కలు వచ్చినవి. వీనిని ఆ దేశపు కెన్నెల్ క్లబ్ నిలుకడగా అంగీకరించుటకు 2011 వఱకు కాలము పట్టెను. ముప్పది యెనిమిది సంవత్సరములు! ఆ నడుమ మూత్రము బిగిసి ఏడ్చిన కుక్కల లెక్క ఎవరు వ్రాసిరి? ఎన్నడో ఒక ముత్తవ్వ వేఱుజాతిదని వీనిని వెలివేసి యుంచిరి. ఈ మాట మన వీథులలో ఎన్నిమాఱులు వినలేదు?

ఇది సీమకుక్కల గొడవ, మన కుక్కలకు సంబంధము లేదని తృప్తిపడవలదు. తమిళదేశమున రాజపాళయము అను పట్టణము కలదు. ఆంధ్రదేశమునుండి తరలిపోయి అచ్చట స్థిరపడిన రాజులు నేటికిని ఇండ్లలో తెలుగు మాటలాడుదురు. 1949 మొదలు 1952 వఱకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన కుమారస్వామిరాజు ఆ ఊరివాడే. ఆ ఊరి పేరు పెట్టుకొన్న జాగిలము అడవిపందుల వేటకును, పొలముల కాపలాకును, ఇంటి రక్షణకును ప్రసిద్ధికెక్కినది. పాలవలె తెల్లని ఒడలు, గులాబిరంగు ముక్కు దాని లక్షణములు. ఈ తెలుపు మోజు ప్రదర్శనములకు ముందునుండియు నున్నదేయని ఒప్పుకొందును. రంగుగల పిల్లలు పుట్టినయెడల పుట్టినవెంటనే చంపివేయు ఆచార ముండెను. ప్రదర్శనములు చేసిన పని ఆ మోజును నియమముగా వ్రాసిపెట్టి దానికి పతకము తగిలించుట. కాని ప్రకృతి తన లెక్క తాను వ్రాసికొనును. ఒడలికి రంగునిచ్చు కణములే లోచెవిలో వినికిడికిని తోడ్పడుచున్నవి. అవి లేని తెల్లకుక్కలలో చెవుడు హెచ్చు. రాజపాళయము కుక్కలలో పుట్టుచెవుడు పేరుపడిన దోషము. చెవిటి కావలికుక్క! గోడ దూకు దొంగ అలికిడి వినలేనిది, యజమాని పిలుపు వినలేనిది, అయినను తెల్లగా నున్నది గనుక బహుమతికి అర్హమైనది. 2005లో మన తపాలాశాఖ ఈ జాతి బొమ్మతో బిళ్ళ విడుదల చేసినప్పుడు తెలుగువారమని సంతోషించితిమి. ఆ సంతోషములో పుట్టిననాడే ప్రాణము కోల్పోయిన రంగుపిల్లల సంగతి మనకు తోచలేదు.

ఇక ప్రతిపక్షుల వాదములకు వత్తును. ప్రదర్శనమునకు పోవు కుక్కకు మంచి తిండి, స్నానము, టీకాలు, వ్యాయామము దొరకుచున్నవి గదా యందురు. దొరకుచున్నవి. గెలుచు కుక్కకు, గెలుచునంతకాలము దొరకుచున్నవి. ఆ యీతలో దానితోడ పుట్టిన ఇతర పిల్లలు, చెవి కొంచెము వంగినదనియో, మచ్చ తప్పుచోట పడినదనియో తీసివేయబడినవి, ఎక్కడికి పోయినవి? పోటీలో నిలువని ఆడుకుక్క పిల్లలను కను యంత్రముగా మాఱి ఏ ఇనుపగూటిలో నున్నది? 2017లో కేంద్రప్రభుత్వము కుక్కల పెంపకమును, అమ్మకమును గూర్చి నియమములు చేసెను. పెంపకదారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పదునెనిమిది నెలలు నిండని ఆడుకుక్కకు కాన్పు చేయింపరాదు. ఒక్కొక్క ఆడుకుక్కకు జీవితకాలమున అయిదు కాన్పులు మించరాదు. ఇట్టి నియమములు చేయవలసివచ్చినదన్న, లోపల జరుగుచుండినదేమో చదువరులే ఊహింపవచ్చును.

ప్రదర్శనములు లేకున్న మన దేశపు జాతులు నశించునని మఱికొందఱు వాదింతురు. ఈ వాదములో కొంత బలమున్నది. మన కొల్లేటి ప్రాంతమున, తూర్పుతీరమున జోనంగి అను కుక్క యుండెను, నేటికిని అక్కడక్కడ నున్నది. నునుపైన పొట్టి వెండ్రుకలు, ముడుతలుపడిన నొసలు, చుట్టుకొనిన తోక దాని గుర్తులు. బాతులమందలను తోలుట దాని వృత్తి. కొల్లేట బాతులు పోయి చేపలచెఱువులు వచ్చిన పిమ్మట దానికి వృత్తి పోయెను. దిక్కులేక తిరుగు ఆ కుక్కలను రైతులే చంపిరి. పతకములు దొరకియుండిన అవి బ్రదుకునని చెప్పవచ్చును గదా? కాని ఎట్లు బ్రదుకును? ముడుతలు గుర్తు గనుక మఱిన్ని ముడుతలు, ఆ ముడుతలలో పుండ్లు, తోక చుట్టుకొనుట గుర్తు గనుక వెన్ను వంగునంత చుట్టు. బాతును తోలుట యెఱుగని జోనంగి మైదానములో వలయము తిరిగినంతమాత్రమున జోనంగి బ్రదికినట్లా? పోటీయే కావలెనన్న వేఱు దారి యున్నది. వేల్సు దేశమునందు 1873లోనే, లండనులో కెన్నెల్ క్లబ్ పుట్టిన యేటనే, బాలా అను ఊర గొఱ్ఱెలకుక్కల పోటీ జరిగెను. గొఱ్ఱెలను తప్పక, బెదరింపక, కొండమీదనుండి దొడ్డికి తెచ్చిన కుక్కయే గెలిచినది. రంగెట్టిదని ఎవ్వరును అడుగలేదు. బోర్డర్ కోలీ అను గొల్లకుక్క తెలివికి లోకప్రసిద్ధమైనదన్న అట్టి పరీక్షలే కారణము. అమెరికాలో ఆ జాతిని అందపు పోటీల పుస్తకమున చేర్చబోయినప్పుడు గొఱ్ఱెలకాపరులే తిరుగబడిరి. అయినను 1995లో చేర్చిరి. వారి భయమేమో ఇంతవఱకు చదివినవారికి విప్పిచెప్పనక్కఱలేదు.

మనుష్యశిశువులు కుక్కల వాతబడుచుండగా ఈ మేష్టరు కుక్కల సుఖమునకై కన్నీరు కార్చుచున్నాడేమని అడుగువారుందురు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల పసివానిని వీథికుక్కలు చంపిన వార్త విని అన్నము సహింపనివారిలో నేనును ఒకడను. ఆ దుఃఖమును చులకన చేయు వాదము నాకు రాదు. కాని కుక్కలయెడ మన నగరము చూపు శ్రద్ధ ఎచ్చట ఖర్చగుచున్నదో చూడుడు. ఒకవైపు వేలకొలది రూపాయలు పోసి మంచుదేశపు హస్కీని కొని, చల్లనియంత్రము పెట్టిన గదిలో దాచుచున్నాము. మఱియొకవైపు వీథికుక్కకు టీకాలు వేయుటకును, సంతాననిరోధక శస్త్రచికిత్స చేయుటకును తగిన వైద్యులు లేరు, ధనము లేదు. 2003లో హచ్ టెలిఫోను కంపెనీ ప్రకటనలో ఒక బాలుని వెంట పరుగెత్తిన పగ్‌ను చూచి దేశమెల్ల పగ్‌లకై వెఱ్ఱియెత్తెను. కొన్నవారిలో ఎందఱు దానిని తుదివఱకు పోషించిరి? మోజు తీఱిన, వైద్యము ఖర్చు పెరిగిన, కుక్కను కారులో తీసికొనిపోయి ఊరిబయట దింపివచ్చువారు మన చదువుకొన్న ఇండ్లలోనే యున్నారు.

మా ఉస్మాన్‌గంజ్‌లో రాత్రి లారీలు సరకు దింపి పోయిన పిమ్మట మిరపబస్తాల ప్రక్కను, పప్పుబస్తాల ప్రక్కను పండుకొను కుక్కలకు వంశావళి లేదు. పొడవైన మూతి, పొట్టి వెండ్రుక, సన్నని కాళ్ళు. వైద్యుడు లేక పిల్లలను కనును. ఎండలో నోరు తెఱచి రొప్పి, బండిక్రింది నీడలో తేరుకొనును. వాని జీవితము సుఖమని నేననను. గజ్జి, ఆకలి, చక్రములక్రింద చావు నిత్యము చూచుచున్నాను. కాని వాని బాధ వాని శరీరములోనికి మనము అచ్చుకొట్టి పెట్టినది కాదు. చికిత్స చేసిన పోవునది. మహాభారతము ఆదిపర్వమున, సత్రయాగము చేయుచున్న జనమేజయుని తమ్ములు తప్పుచేయని కుక్కపిల్లను కొట్టిరి. అది పోయి తల్లియైన సరమతో చెప్పుకొనెను. నీవు హవిస్సును ముట్టితివేమో యని తల్లి ముందు పిల్లనే అడిగెను. ముట్టలేదు, చూడనైనను లేదు అని అది చెప్పిన పిమ్మట సరమ సభకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని అడిగెను. రాజసభలో ఒక్కరును బదులు చెప్పలేదు.

మన నగరపు ప్రదర్శనసంఘములలో నాకు పరిచితులైన సజ్జనులు కలరు. వారికి కుక్కలమీద ప్రేమ లేదని నేను చెప్పను. వారిని నేను కోరునవి కొద్ది. ద్వారమునందే పశువైద్యుని కూర్చుండబెట్టుడు. నూఱడుగులు పరుగెత్తి రొప్పక నిలువలేని కుక్కను వలయములోనికి పంపకుడు. రాజపాళయము జాగిలము వచ్చినయెడల దాని వెనుక చప్పట్లు కొట్టి చూడుడు, చెవి కదలకున్న పతకము లేదనుడు. గెలిచిన మగకుక్క పేరు చదువునప్పుడు అది ఇంతవఱకు ఎన్ని కాన్పులకు తండ్రియో మైకులో చెప్పుడు. దాని తల్లి తనంతట ప్రసవించెనా, కత్తితో ప్రసవించెనా అనునది కూడ చెప్పుడు. ఇక పిల్లలను వెంటబెట్టుకొని పోవు తల్లిదండ్రులకు ఒక మనవి. పందిరిలో అమ్మకమునకు పెట్టిన పిల్లను ఎత్తుకొని ముద్దాడుటకు ముందు, దాని తల్లిని చూపుమని అమ్మువానిని అడుగుడు. ఇంటియొద్ద నున్నదని చెప్పినయెడల, ఇంటికి పోయి చూతమనుడు.